నడిమి చరణాలు

మా చర్చి సంఘానికి ఒక జబ్బుంది. ఏ పాటైనా సరే, మొదటి చరణం, ఆఖరి చరణం, అంతే. నడిమివి ఎగిరిపోతాయి. అడిగితే టైము లేదంటారు. ప్రకటనలు చదవడానికి బోలెడు టైముంటుంది, పాడటానికి మాత్రం ఉండదు! ఈ జబ్బు అంటించింది మా గడియారం బాబాయి. కమిటీ పెద్ద. ముందు వరసలో కూర్చుని, పాట మొదలవ్వగానే చొక్కా చెయ్యి వెనక్కి లాగి వాచీ చూసుకుంటాడు. మొదటి చరణం అయ్యీ అవ్వగానే నా వైపు చూసి, ఇక ఆఖరిది కానివ్వమన్నట్టు తలూపుతాడు.

నేను అక్కడ కీబోర్డు వాయిస్తాను, కోయిర్ నడుపుతాను. పగలు మందుల షాపులో కౌంటరు. ఇంట్లో నన్ను తొందర అంటారు. అన్నం ఉడక్కముందే కంచం పెట్టుకు కూర్చునేదాన్నట. ఆ పేరు పెట్టింది మా అక్క. ఇప్పుడు కోయిర్లో చిన్నాపెద్దా అందరూ అదే పిలుపు. కోపం వస్తుంది గానీ ఏం చేస్తాం, నిజమేగా.

మా కోయిర్‌కి మొదటి గొంతు అక్కది. అక్క పాడుతుంటే నేనెక్కడ తప్పు వాయించినా ఎవరికీ తెలిసేది కాదు. ఆ గొంతు వెనకాల దాక్కుని ఇన్నేళ్ళూ బతికేశాను. పోయిన వానాకాలం బావ పోయాడు. వాళ్ళిద్దరిదీ పుస్తకాలకి అట్టలు కట్టే బైండింగ్ షాపు. పొద్దున్నే షట్టరు ఎత్తబోయి, అలాగే కూలబడిపోయాడు. అక్క కొన్ని ఆదివారాలు గుడికి వచ్చింది. ఒకనాడు మేం మా సంఘానికి బాగా ఇష్టమైన చప్పట్ల పాట అందుకున్నాం. 'పిలుస్తున్నాను ప్రభువా.' పాట సగంలో ఉండగా అక్క పుస్తకం బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

నేను ఊరుకుంటానా? ఆ సాయంత్రమే వెళ్ళి నిలదీశాను. అక్క జిగురు గిన్నె కలుపుతూ తలెత్తకుండా అంది: "పిలవగానే పలికే దేవుడు మీకున్నాడు, పాడుకోండి. నా దగ్గరున్న సరుకు ఏడుపే, దానికి మీ పాటల్లో చోటు లేదే."

ఆ తర్వాత ఇంట్లో కూడా కూనిరాగం తీసింది లేదు. సరే, పైకి మాత్రం కోయిర్‌కి మొదటి గొంతు లేక ఇబ్బందిగా ఉందని చెప్పుకు తిరిగేదాన్ని. ఒట్టి మాట. అక్క గొంతు నాకు కావాలి. నాకే కావాలి. బావతో పాటు అదీ పోయిందంటే నేను తట్టుకోలేను.

ఇలా ఉండగా పట్టణంలో సంఘాలన్నీ కలిసి మా గుడిలో ఆరాధన పెట్టుకున్నాయి. ఒక్కో కోయిర్‌కి ఒక్కో పాట. మాకు ఏ పాట ఇచ్చి ఉంటారో చెప్పండి! ఆ చప్పట్ల పాటే. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ వారం మధ్యలో పాస్టరుగారి వాక్య తరగతి. ఈయన మాకు కొత్తగా వచ్చారు. సన్నటి మనిషి, సన్నటి గొంతు, వెనక బెంచీకి వినపడదు. అలాంటాయన ఆ రోజు బల్ల గుద్దారు!

"మీరు కీర్తనలంటే స్తోత్రాలనుకుంటున్నారు. లెక్కపెట్టండి, మూడో వంతు ఏడుపులే. దేవుణ్ణి నిలదీయడాలే. ఎక్కడున్నావు, ఎందుకిలా చేశావు, ఇంకా ఎంతకాలమని అడగడాలే. నగరం కూలిపోయి ఇళ్ళు బూడిదైతే, ఆ బూడిదలో కూర్చుని కట్టిన విలాపాలు బైబిల్లో ఉన్నాయి. యూదులు ఇప్పటికీ ఏడాదికోసారి నేల మీద కూర్చుని వాటిని రాగం తీసి చదువుతారు. పాత గుళ్ళలో యేసు సిలువ వారంలో వాటిని పాడుతూ కొవ్వొత్తులు ఒక్కొక్కటే ఆర్పేసేవాళ్ళు. ఎందరు సంగీతం కట్టారో ఆ మాటలకి! బానిసలుగా అమ్ముడుపోయినవాళ్ళు పొలాల్లో పాడుకున్న పాటల్లో ఆ కేకే ఉంది. ఆ ఏడుపు తీసేస్తే గుడి సంగీతంలో సగం పోయినట్టే."

గడియారం బాబాయి వాచీ చూసుకున్నాడు. పాస్టరుగారు చూడనట్టే చెప్పుకుపోయారు.

"ఆ విలాపాలకి ఒక నడక ఉంది. పాదంలో మొదటి సగం పొడుగు, రెండో సగం పొట్టి. మూడు అడుగులు, తర్వాత రెండే. మూడోది వెయ్యబోయి ఆగిపోయినట్టు ఉంటుంది. ఏడ్చేవాడికి ఊపిరి అందదు కదా, అదన్నమాట." ఆయన వేలితో బల్ల మీద కొట్టి చూపించారు. టక్ టక్ టక్, టక్ టక్.

ఆ నడక నాకు తెలుసు! ఎక్కడ విన్నానో గుర్తు రావడం లేదు గానీ తెలుసు. తరగతి అవ్వగానే ప్రార్థనకి కూడా సరిగ్గా కళ్ళు మూసుకోకుండా కీబోర్డు దగ్గరికి పరిగెత్తాను. పాటల పుస్తకం తీశాను. పిలుస్తున్నాను ప్రభువా. మా అందరి చేతుల్లో ఏళ్ళ తరబడి ఉన్న పాటే. ఐదు చరణాలు. మొదటిదీ ఐదోదీ నిద్దట్లో లేపినా పాడతాను. మధ్యలో మూడింటి మీద నా కన్ను ఏనాడైనా ఆగితే ఒట్టు.

మొదటిది ఇలా ఉంటుంది:

పిలుస్తున్నాను ప్రభువా, వినవా
గొంతెత్తి పిలుస్తున్నాను, వినవా

ఐదోది 'విన్నావు ప్రభువా, విన్నావు' అని మొదలై స్తోత్రాలతో ముగుస్తుంది. మేం ఈ రెండే పాడేవాళ్ళం. ఫోను మోగీ మోగకముందే అవతలివాడు ఎత్తేసినట్టు! మరి మధ్యలో ఏముందో చూడండి:

పక్కన మనిషి లేడు, చూశావా
పలకరిస్తే పలుకు లేదు, చూశావా

నా ఇంటి దీపం ఆర్పి, ఊరుకున్నావు
నా నోటి పాట లాగి, దాచుకున్నావు

ఎన్నాళ్ళు ఈ గుమ్మం కాయను? చెప్పు
ఎన్నాళ్ళు నీ వీపు చూడను? చెప్పు

బాబోయ్! నేను కుర్చీలో వెనక్కి పడిపోయాను. ఎవరు కట్టారో తెలీదు, ఆ మనిషి ఎప్పుడో పోయుంటాడు, కానీ ఇది చప్పట్ల పాటేంటి? ఇది మా అక్క పాట!

మా బాణీలో ఆ మూడూ పాడి చూశాను. ఛీ, పరమ అసహ్యంగా వచ్చింది. నా ఇంటి దీపం ఆర్పి, హే, హే! ఎందుకంటారా? పాదంలో పొట్టి సగం వచ్చే చోట మిగిలిన ఖాళీని మేం చప్పట్లతో పూడ్చేశాం. "వినవా" దగ్గర ఆగాల్సింది పోయి "వినవా వినవా హే" అని నింపేశాం. ఆ హేలన్నీ పీకి పారేసి, పాస్టరుగారు బల్ల మీద కొట్టినట్టు మూడూ రెండూ పెట్టి నెమ్మదిగా పాడాను. అమ్మమ్మమ్మ! పాట లేచి కుంటుకుంటూ నడిచింది. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఖాళీ గుడిలో నేనొక్కదాన్నే చేతులూపుకుంటూ గంతులేశాను. వాచ్‌మన్ తొంగి చూసి తలుపు మెల్లగా దగ్గరికేసి పోయాడు.

మర్నాడు షాపులో నా చేతులు నా మాట వినలేదు. కౌంటరు మీద మూడూ రెండూ, మూడూ రెండూ. ఒక పెద్దాయనకి మాత్రలిస్తూ "మూడు, రెండు, మూడు, రెండు" అన్నానట. ఆయన బెదిరిపోయాడు. "ఏమ్మా, డాక్టరు రోజుకి ఒకటే కదా చెప్పింది?" మా ఓనరు నన్ను చూసిన చూపు నేను మీకు చెప్పను.

భోజనం టైములో అన్నం ముట్టకుండా పిడుగు దగ్గరికి పోయాను. పిడుగంటే మా డ్రమ్ములాయన, వెల్డింగ్ షెడ్డు నడుపుతాడు. గుళ్ళో ఆయన కొట్టుడుకి పసిపిల్లలు లేచి ఏడుస్తారు. అంత నెమ్మది మనిషి. ఒక ఇనుప గేటు మీద వంగి, మొహానికి అద్దం పెట్టుకుని ఉన్నాడు.

"అన్నా, మన పాటని మనం ఇన్నాళ్ళూ ఖూనీ చేశాం," అన్నాను.

అద్దం పైకెత్తాడు. "నేను బాగానే కొట్టానే."

"బాగానే కొట్టావు, అదే వచ్చిన చిక్కు! ఖాళీ నింపి ఆరు దెబ్బలు చేసేశావు. ఇది ఐదు. తకిట తక."

"ఐదా? ఐదుకి చప్పట్లు కొట్టేదెవరమ్మా? జనం చేతులు గాల్లో ఉండిపోతాయి."

"ఉండిపోనీ! ఉండిపోవాలి!"

"నీకు ఎండ దెబ్బ తగిలింది," అని పక్కనున్న ఖాళీ రంగు డబ్బా బోర్లించాడు. ఊరికే నన్ను వదిలించుకోవడానికే. తకిట తక. తకిట తక. నేను పక్కన పాడుతున్నాను. రెండో చరణం దాకా వెటకారంగానే కొట్టాడు. మూడో చరణానికి దెబ్బ చిన్నదైంది. నాలుగోదానికి అరచేత్తో ఊరికే తడుతున్నాడు.

"మా నాన్న కుంటుతూ నడిచేవాడు," అన్నాడు. "మెట్ల మీద ఇదే చప్పుడు." తర్వాత అద్దం దించేసుకున్నాడు. "వస్తాను. గట్టిగా కొట్టను. కానీ ఈ సంగతి ఎవరికైనా చెప్పావో!"

చెప్పకుండా ఉంటానా? ఆ సాయంత్రం ప్రాక్టీసులో మొదట అదే చెప్పాను. కోయిర్ అంతా చప్పట్లు కొట్టింది, పిడుగు నన్ను పచ్చిగా నమిలేసేలా చూశాడు. పాట ఎత్తుకున్నాం. మొదట అందరూ తడబడ్డారు, ఆగాల్సిన చోట ఆగలేక ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. మెల్లగా దారికొచ్చింది. ఇక ఆనందంలో ఉన్నానో లేదో, గుమ్మంలో గడియారం బాబాయి.

"ఏంటీ సంతాపసభ?" అన్నాడు.

"మన పాటే బాబాయ్. నడిమి చరణాలు."

"ఊళ్ళో సంఘాలన్నీ వస్తున్నాయి. వాళ్ళ ముందు దేవుడితో తగువు పెట్టుకుంటామా? రెండు చరణాలు చాలు."

గడియారం బాబాయి సంగతి నేను చెప్పాలి. వాళ్ళావిడ, మా పిన్ని, పోయిన మరుసటి ఆదివారమే ఆయన వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. వాచీ చూసుకున్నాడు. స్తోత్రం పాటకి అందరితో పాటు చేతులెత్తాడు. ఎంత విశ్వాసమండీ అని అందరూ మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకున్నాను. అలాంటాయనతో ఏం వాదిస్తాం? అయినా నా నోరు ఊరుకోదు కదా. వాదించాను. పాస్టరుగారు నా పక్కన నిలబడ్డారు. చివరికి బాబాయి విసుగెత్తి, "మీకు నాలుగు నిమిషాలు. అందులో ఏం పాడుకుంటారో మీ ఇష్టం. ఒక్క నిమిషం దాటినా మైకు కట్టేయిస్తాను," అని వెళ్ళిపోయాడు.

ఇక మిగిలింది అక్క. ఆరాధన రేపనగా బైండింగ్ షాపుకెళ్ళాను. దారిపొడుగునా మాటలు కూర్చుకున్నాను, గుమ్మంలోకి రాగానే అన్నీ ఎగిరిపోయాయి. అక్క కుట్టిన పుస్తకాన్ని బల్లకి ఆనించి, వీపు మీద చెక్క సుత్తితో కొడుతోంది. బావ కుర్చీలో అట్టల కట్ట ఉంది. ఎవరూ కూర్చోకుండా కావాలనే పెట్టినట్టుంది.

"ఏమే తొందరా, మళ్ళీ ఏం తెచ్చావు?"

"వినక్కా. తిట్టేది ఉంటే తర్వాత తిట్టు."

పాడేశాను. నా గొంతు సంగతి మీకు చెప్పక్కర్లేదు, తలుపు కీచుమన్నట్టుంటుంది. రెండో చరణం, 'పక్కన మనిషి లేడు, చూశావా.' సుత్తి ఆగింది. మూడో చరణం. అక్క పుస్తకం కింద పెట్టి చేతులు కొంగుకి తుడుచుకుంది, అంటని జిగురుని తుడుచుకుంటూనే ఉంది. నాలుగోది అయ్యి నేను ఊపిరి పీల్చుకుని ఐదోది అందుకోబోయాను.

"ఆపు," అంది.

ఆపాను.

"ఇది ఎక్కడిదే?"

"మన పుస్తకంలోదే. ఈ షాపులో బావ అట్ట కట్టిన పుస్తకంలోదే. మనమే దాటేసుకుంటూ పోయాం."

అక్క కిటికీ వైపు తిరిగింది. నేను మెడ చాచి చూస్తున్నాను, ఏడుస్తోందా, నవ్వుతోందా, తిడుతుందా! ఎట్టకేలకు తిరిగి, "వస్తాను," అంది. నేను ఎగిరి కావలించుకోబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు. నాలుగో చరణం దాకానే పాడతాను. ఐదోది లేదు."

"అయ్యో, అదేంటక్కా! ఐదోది లేకపోతే పాట ముగియదే. అన్ని సంఘాల ముందు 'నీ వీపు చూడను' అని ఆపేస్తే..."

"నేనింకా అక్కడే ఉన్నాను," అంది అక్క. "విన్నాడని నేనెలా చెప్పేది? నాకు వినపడలేదు. ఆయన విన్ననాడు చెప్తాను. అబద్ధం పాడమంటే రాను."

దారిలో పాస్టరుగారింటికి పోయి తలుపు బాదాను. ఆయన సంగతంతా విని, అన్నారు: "కీర్తనల్లో దాదాపు అన్నీ చివర్లో వెలుగులోకి వస్తాయి. ఒకటి మాత్రం రాదు. చీకటి అనే మాట మీదే ఆగిపోతుంది. అయినా దాన్ని ఎవరూ తీసి పారెయ్యలేదు. మీ అక్కయ్యని రమ్మనండి."

"బాబాయి మైకు కట్టేస్తారేమో!"

"కడితే కట్టనీండి. ఆవిడకి మైకు కావాలా ఏంటి?"

ఆదివారం గుడి కిక్కిరిసిపోయింది. కిటికీల బయట కూడా జనం. ఒక కోయిర్ తర్వాత ఒకటి, అన్నీ చప్పట్లే, అన్నీ విజయాలే. మా వంతు వచ్చింది. అక్క మామూలు నూలు బట్టల్లో వచ్చి తన పాత చోట నిలబడింది, గోళ్ళ చివర్లలో జిగురు ఇంకా ఉంది. నా వైపు చూసి, "పరిగెత్తకు," అంది మెల్లగా.

పిడుగు అరచేత్తో మొదలెట్టాడు. తకిట తక. జనంలో అలవాటైనవాళ్ళు చప్పట్లకి చేతులెత్తారు, ఆ చేతులు నిజంగానే గాల్లో ఉండిపోయాయి! నాకు ఆ కంగారులో కూడా నవ్వొచ్చింది. అక్క నోరు తెరిచింది.

ఇన్నాళ్ళు మూతపడ్డ గొంతు కదా, మొదటి పాదంలో బొంగురుగా వచ్చింది. రెండో చరణానికి తెరుచుకుంది. 'పక్కన మనిషి లేడు, చూశావా' అని అక్క అడుగుతుంటే నిజంగా ఎవర్నో ఎదురుగా నిలబెట్టి అడుగుతున్నట్టే ఉంది. పొట్టి సగం తర్వాత వచ్చే ఆ ఖాళీలో గుడంతా ఊపిరి బిగబట్టింది. కోయిర్ వెనకాల నించి అందుకుంది. మూడోది. నాలుగోది. 'ఎన్నాళ్ళు నీ వీపు చూడను? చెప్పు.'

అక్క ఆపేసింది.

నా దరిద్రపు వేళ్ళున్నాయే, ఏళ్ళ అలవాటు, ఐదో చరణం మొదటి స్వరం మీదికి వాటంతటవే పోయాయి. నొక్కబోతున్నాను. పిడుగు రెండు చేతులూ డ్రమ్ము మీద బోర్లా పెట్టి, కదలకుండా నా వైపు చూశాడు. జీవితంలో మొదటిసారి ఆ మనిషి కొట్టకుండా ఉండి నాకు సైగ చేశాడు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

ఎవరో వెనక ఒక చప్పట కొట్టబోయి మానేశారు. అప్పుడు ముందు వరసలో గడియారం బాబాయి లేచి నిలబడ్డాడు. అయిపోయింది, పరువు పోయింది, అందరి ముందూ చివాట్లు పెడతాడనుకున్నాను.

"అమ్మాయీ," అన్నాడు అక్కతో. గొంతు ఆయనది కాదు. "ఆ రెండో చరణం ఇంకోసారి పాడమ్మా."

అక్క నా వైపు చూడలేదు, పిడుగు వైపు చూడలేదు. ఆయన్నే చూస్తూ ఎత్తుకుంది. బాబాయి కూడా పాడాడు. పిన్ని పోయినప్పుడు రాని ఏడుపు ఆయనకి అప్పుడొచ్చింది, సిగ్గుపడకుండా గట్టిగా ఏడుస్తూ పాడాడు. కిటికీ దగ్గర ఒకావిడ అందుకుంది. తర్వాత ఆ పక్కవాళ్ళు. ఎవరికి వాళ్ళకి పోయిన మనిషి ఒకరున్నారు లెండి. మా పుస్తకం లేని పరాయి సంఘాలవాళ్ళు కూడా ఒకసారి వినగానే పట్టేసుకున్నారు. నాలుగు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. వాచీ ఎవరూ చూడలేదు. వాయిస్తున్నది తప్పో ఒప్పో కూడా తెలీకుండా వాయించాను.

ఆరాధన అయ్యాక జనం అక్క చుట్టూ మూగారు. అక్క వాళ్ళని తప్పించుకుని నా దగ్గరికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మొహం మాత్రం ఆ పాత మొహమే, నన్ను తిట్టబోయే ముందుండే మొహం.

"మూడో చరణంలో పరిగెత్తావు," అంది.

"అవునక్కా."

"ఐదోదానికి వేళ్ళు పెట్టావు. చూశాను."

"అలవాటు అక్కా, కావాలని కాదు..."

"ఐదోది నేను చెప్పిననాడు. ఈలోగా ముట్టుకున్నావో, ఆ వేళ్ళు నా సుత్తి కింద పెడతాను." చెప్పులేసుకుని గుమ్మం దాకా వెళ్ళి, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి తిరిగింది. "ప్రాక్టీసు ఇప్పటికీ శుక్రవారమేనా?"

నేను అవునని చెప్పాలి. నా నోటికి అడ్డూ అదుపూ ఉండదని మీకు తెలుసు కదా, ఆ ఒక్కసారి మాత్రం మాట పెగల్లేదు. తలూపాను.